కాలదోషం పట్టిన క్రెడిట్ కార్డు బాకీపై కేసు బెదిరింపులు, సంతకం కోసం ఒత్తిడి: ఫిర్యాదు

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

మా నాన్నగారి పాత క్రెడిట్ కార్డు బాకీ వసూలుకు మీ బ్యాంకు పెట్టిన ఏజెన్సీ తీరు గురించి, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆ కార్డు మీద ఆయన చివరిసారి డబ్బు కట్టింది 2015 జూన్‌లో. ఆ తర్వాత పైసా కట్టలేదు, బాకీ ఒప్పుకుంటూ ఎక్కడా సంతకం పెట్టలేదు.

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. అది 2018లోనే ముగిసి, బాకీకి కాలదోషం పట్టింది. కోవిడ్ వల్ల గడువు పెరిగిందని మీ ఏజెంటు వాదించాడు. కోవిడ్ వల్ల దావా గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించిన కాలం మొదలైందే 2020 మార్చి 15న. అప్పటికే తీరిపోయిన గడువుకు అదెలా వర్తిస్తుంది? గడువు దాటిన దావాను, ఎదుటి పక్షం ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టేయాల్సిందేనని ఆ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అయినా "వారంలో కేసు, తర్వాత అరెస్టు" అని మెసేజీలు పంపుతున్నారు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. డెబ్బై దాటిన మనిషికి ఈ అరెస్టు టెన్షన్ ఎందుకు పెడుతున్నారు? సాయంత్రం 7 దాటాక వసూలు ఫోన్లు చేయొద్దని రిజర్వ్ బ్యాంక్ చెప్పినా, రాత్రి తొమ్మిదింటికీ చేస్తున్నారు.

అన్నిటికంటే బాధ పెట్టింది మీ ఏజెంటు ఇంటికి తెచ్చిన కాగితం. పైన పెద్ద అక్షరాల్లో "సెటిల్‌మెంట్ అంగీకారం" అని ఉంది. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "ఈ మొత్తం బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ, చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను" అని ఉంది. కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానని రాసి సంతకం పెడితే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లే ఒప్పందమవుతుంది. మీకు కోర్టు దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా "ఊరికే ఫార్మాలిటీ అండీ" అంటూ పెన్ను చేతిలో పెట్టడం మోసం కాదా? నేను పక్కనుండి చదివాను కాబట్టి ఆగింది. చదివి చెప్పేవాళ్లు లేని పెద్దవాళ్ల గతేమిటి?

గడువు దాటినంత మాత్రాన బాకీ మాఫీ కాదని నాకు తెలుసు. మర్యాదగా అడిగితే మాకు అభ్యంతరం లేదు.

కేసు, అరెస్టు మెసేజీలు వెంటనే ఆపించండి. ఈ బాకీకి దావా గడువు ముగిసిందని రాతపూర్వకంగా తెలపండి. ఆ కాగితాన్ని మా నాన్నగారి దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికీ పంపకండి. ఇకపై ఏం చెప్పాలన్నా ఉత్తరం రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే మెసేజీల కాపీలు, ఆ కాగితం ఫోటో జతచేసి రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
కార్డుదారు కుమార్తె