హైదరాబాద్–సింగపూర్ ప్రయాణానికి మీ యాప్‌లో మూడు రకాల లెక్కలు: క్యాబ్ డబ్బులు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

అయ్యా,

సింగపూర్‌లో ఉన్న మా చెల్లి దగ్గరికి మా అమ్మ పోయి రావడానికి మీ యాప్‌లోనే రానుపోను టికెట్లు తీసుకున్నాను. శంషాబాద్ నుంచి హనుమకొండ దాకా క్యాబ్ కూడా మీ ప్యాకేజీలోదే. దానికి వేరుగా రూ. 4,200 కట్టాను.

పోయేటప్పుడు రాత్రి 11:10కి బయల్దేరి ఉదయం 6:10కి దిగే విమానం. దాని కింద మీరు వేసిన ప్రయాణ సమయం 7 గంటలు. వచ్చేటప్పుడు రాత్రి 8:00కి ఎక్కి 9:50కి దిగాలి. దానికి 1 గంట 50 నిమిషాలట! రెండు ఊళ్ల మధ్య ఆకాశమార్గం సుమారు 3,300 కిలోమీటర్లు. గంటా యాభై నిమిషాల్లో చేరాలంటే గంటకు 1,800 కిలోమీటర్ల వేగం కావాలి. అంత వేగంగా జనాన్ని మోసిన కాంకార్డ్ విమానం 2003లోనే ఆగిపోయింది.

జరిగిందేమిటో తెలుస్తూనే ఉంది. దిగే ఊరి గడియారంలోంచి ఎక్కే ఊరి గడియారాన్ని తీసేశారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆ తేడాను పోయేటప్పుడు తీసేస్తే నాలుగున్నర గంటలు, వచ్చేటప్పుడు కలిపితే 4 గంటల 20 నిమిషాలు. ఇదేమీ నిన్న మొన్నటి మార్పు కాదు, 1982 జనవరి 1న సింగపూర్ తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపినప్పటి నుంచీ ఇంతే.

ఇక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. మీ 'దూరం–సమయం' పేజీలో మూడో లెక్క ఉంది: 3 గంటల 40 నిమిషాలు. 3,300ని 900తో భాగించినట్టున్నారు. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం, గాలి వాటం, ఇవేవీ అందులో లేవు. క్యాబ్ పికప్‌కు మీరు పట్టుకున్నది ఈ లెక్కనే. సింగపూర్ 8:00కి 3:40 కలిపి, మన టైముకు మార్చకుండానే, డ్రైవర్‌కు రాత్రి 11:40 అని పంపారు.

టికెట్ మీదున్నట్టే విమానం 9:50కి దిగింది. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి 10:35. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఫోన్‌లో ఇంకా అక్కడి సిమ్మే ఉంది. పక్కన నిలబడ్డ ఒకాయన ఫోన్ అడిగి డ్రైవర్‌కు చేస్తే, "నాకు 11:40కని ఉందమ్మా, ఎల్‌బీ నగర్‌ల కిరాయి మీదున్న, వచ్చేసరికి పన్నెండు దాటుతది" అన్నాడు. ఆయన తప్పేం లేదు. సామాను ట్రాలీకి ఆనుకుని అరగంట చూసి, అమ్మ చివరికి వేరే టాక్సీ మాట్లాడుకుంది. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను, మీ క్యాబ్ ఉంది కదా అన్న ధీమాతో.

మరునాడు మీ నుంచి మెసేజ్: "ప్రయాణికురాలు హాజరు కాలేదు, డబ్బు వాపసు లేదు." ఫోన్ చేస్తే మీవాళ్లు "టైమ్ డిఫరెన్స్ ఉంటుంది సర్" అని నాకే చెప్పారు.

నా రూ. 4,200, ఆ రాత్రి టాక్సీకి పెట్టిన రూ. 5,100 వాపసు ఇవ్వండి. యాప్‌లో సమయం లెక్క సరిచేసి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమని జిల్లా కమిషన్‌కు వెళ్తాను. టికెట్లు, మూడు లెక్కల స్క్రీన్‌షాట్లు, టాక్సీ రసీదు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హనుమకొండ