వార్షిక నివేదిక: లోడ్ బ్యాలన్సర్ హెల్త్ చెక్‌ల ఆటోమేషన్

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

లోడ్ బ్యాలన్సర్ అంటే వచ్చే రిక్వెస్టులను సర్వర్ల మధ్య పంచేది, హెల్త్ చెక్ అంటే ఆ సర్వర్లు బాగున్నాయో లేదో అది తరచూ అడిగి చూసే పరీక్ష. గత సర్వసభ్య సమావేశం మనకు మూడు పనులు అప్పగించింది. హెల్త్ చెక్‌లను కన్సోల్‌లో చేత్తో పెట్టడం మానేసి కోడ్‌లో రాయడం, అవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో కోడ్‌ను విడుదల చేసే పైప్‌లైన్‌లోనే పరీక్షించడం, ఫలితాన్ని బట్టి ఏ చర్య దానంతట అదే జరగాలో తేల్చడం. మొదటి రెండూ పెద్దగా వాదన లేకుండా కుదిరాయి. మూడోదాని దగ్గరే చర్చ సాగింది. చివరికి కార్యవర్గం నిలబడిన మాట ఇది: సర్వర్‌ను ట్రాఫిక్ నుంచి తప్పించే అధికారం హెల్త్ చెక్‌కు ధారాళంగా ఇవ్వొచ్చు, సర్వర్‌ను చంపే అధికారం మాత్రం ఆచితూచి ఇవ్వాలి.

ఉమ్మడి టెంప్లేట్లు

ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్, అజూర్ మూడింటికీ టెర్రాఫామ్ (క్లౌడ్ అమరికలను కోడ్‌గా రాసే సాధనం) మాడ్యూళ్లు మన రిపాజిటరీలో ఉన్నాయి. డిఫాల్ట్ విలువలను అలాగే వదిలేస్తే ఏమవుతుందో ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలన్సర్ (ఏఎల్‌బీ) లెక్కలోనే కనిపిస్తుంది. అక్కడ ఇంటర్వెల్ (చెక్‌కూ చెక్‌కూ మధ్య వ్యవధి) 30 సెకన్లు, టైమవుట్ (జవాబు కోసం ఆగే సమయం) 5 సెకన్లు, చెడిందని తేల్చడానికి 2 వైఫల్యాలు, కోలుకుందని ఒప్పుకోవడానికి 5 విజయాలు. ఒక చెక్ దాటిన మరుక్షణం సర్వర్ బిగుసుకుపోతే మొదటి వైఫల్యానికి 30 సెకన్లు, రెండో చెక్‌కు ఇంకో 30, దాని టైమవుట్ 5, వెరసి 65 సెకన్లు. అంతసేపూ దాని వంతు రిక్వెస్టులు దానికే వెళ్తూ ఉంటాయి. తిరిగి రావడానికి మళ్లీ రెండు నుంచి రెండున్నర నిమిషాలు.

మన టెంప్లేట్‌లో ఇంటర్వెల్ 10, టైమవుట్ 3, వైఫల్యాలు 3, విజయాలు 2. అదే లెక్కన గుర్తింపు 33 సెకన్లలో పూర్తవుతుంది, కోలుకోవడం 20 సెకన్ల లోపు. వైఫల్యాలు 2 చాలవా అని కొందరు అడిగారు. 10 సెకన్ల ఇంటర్వెల్‌తో 2 పెడితే ఒక పెద్ద గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ప్రోగ్రాం ఖాళీ చేసుకునే) విరామమే సర్వర్‌ను బయటికి నెట్టేస్తుంది, కాసేపటికి అది లోపలికి వస్తుంది, మళ్లీ పోతుంది. ఈ ఊగిసలాట అసలు జబ్బు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంటర్వెల్‌ను 5 సెకన్లకు దించాలనే ప్రతిపాదనను ఒప్పుకోలేదు. లోడ్ బ్యాలన్సర్ ఒకే యంత్రం కాదు. దాని ప్రతి నోడూ ప్రతి సర్వర్‌నూ విడిగా అడుగుతుంది. గూగుల్ క్లౌడ్‌లోనూ ఒకటికి మించి ప్రోబర్లు (ప్రోబ్‌లను, అంటే చెక్ రిక్వెస్టులను, పంపేవి) సమాంతరంగా పనిచేస్తాయి కాబట్టి రాసుకున్న ఇంటర్వెల్ కంటే ఎక్కువ ప్రోబ్‌లే సర్వర్‌కు తగులుతాయి. చిన్న సర్వర్ల మీద ఈ భారం తీసిపారేసేది కాదు.

ఫైర్‌వాల్ నియమం మాడ్యూల్‌లోనే కలిసి వస్తుంది, విడిగా పెట్టుకోమని వదల్లేదు. గూగుల్ క్లౌడ్‌లో చాలా రకాల లోడ్ బ్యాలన్సర్లకు ప్రోబ్‌లు 35.191.0.0/16, 130.211.0.0/22 పరిధుల నుంచి వస్తాయి. అజూర్ లోడ్ బ్యాలన్సర్‌లో 168.63.129.16 నుంచి. అజూర్ నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్‌లో దీన్ని రానిచ్చే నియమం ముందే ఉంటుంది. అయితే భద్రత పేరుతో దాని పైన ‘అన్నిటినీ ఆపు’ అనే నియమం చేర్చారంటే ఆ ముందున్న నియమం ఎందుకూ కొరగాదు. లక్షణం గుర్తుపట్టడం తేలికే: సర్వర్ లోపల నుంచి కర్ల్ కమాండ్‌తో అడిగితే 200 (అంతా సరే అనే కోడ్) వస్తుంది, లోడ్ బ్యాలన్సర్ మాత్రం మొదటి నుంచీ అన్ని సర్వర్లనూ టైమవుట్ అంటుంది.

పైప్‌లైన్‌లో తనిఖీ

టెర్రాఫామ్ ప్లాన్‌ను (చేయబోయే మార్పుల జాబితాను) జేసన్‌గా తీసి ఓపెన్ పాలసీ ఏజెంట్ (రాసిన నియమాలతో సరిచూసే సాధనం) నియమాల ముందు పెడుతున్నాం. టైమవుట్ ఇంటర్వెల్ కంటే తక్కువ ఉండాలి. చెక్ పాత్ (చెక్ అడిగే చిరునామా) ఒట్టి రూట్ కాకూడదు, ఎందుకంటే హోమ్ పేజీ రేపు లాగిన్‌కు దారి మళ్లిందంటే 302 వచ్చి సర్వర్లన్నీ ఒకేసారి చెడినట్టు కనిపిస్తాయి. ఒప్పుకునే స్టేటస్ కోడ్ 200 ఒక్కటే. ఈ చివరి నియమం మీద మినహాయింపులు అడగవద్దని మనవి. మ్యాచర్‌ను (ఒప్పుకునే కోడ్‌ల అమరికను) 200-499 అని వెడల్పు చేస్తే డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది, 404 ఇచ్చే సర్వర్ కూడా ఆరోగ్యవంతుల జాబితాలోనే ఉంటుంది.

ప్లాన్ సరిగ్గా ఉంటే చెక్ సరిగ్గా ఉన్నట్టు కాదు. అందుకే స్టేజింగ్‌లో ప్రతి డిప్లాయ్ తర్వాత ఒక విన్యాసం నడుస్తుంది. ఒక సర్వర్‌లోని ఫ్లాగ్ ఫైల్‌ను స్క్రిప్ట్ తీసేస్తుంది, దాంతో ఆ సర్వర్ హెల్త్ పాత్ 503 (సేవ అందదనే కోడ్) ఇస్తుంది. స్క్రిప్ట్ 5 సెకన్లకోసారి టార్గెట్ (లోడ్ బ్యాలన్సర్ వెనకున్న సర్వర్) స్థితిని ఏపీఐలో అడుగుతూ, 45 సెకన్లలో అది అన్‌హెల్దీగా మారిందా, ఆ వ్యవధిలో క్లయింట్‌కు ఎన్ని 500 శ్రేణి (సర్వర్ వైపు) ఎర్రర్లు వెళ్లాయి అని నమోదు చేస్తుంది. తర్వాత ఫైల్‌ను తిరిగి పెట్టి, సర్వర్ లోపలికి వచ్చేదాకా కొలుస్తుంది. గడువు దాటితే డిప్లాయ్ ఆగిపోతుంది. దీనికి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌వాచ్ మెట్రిక్స్‌ను నమ్ముకోకండి. అవి 60 సెకన్లకోసారి మాత్రమే వస్తాయి, ఇంత చిన్న తేడాను పట్టలేవు.

విన్యాసం తప్పితే ముందు టార్గెట్ స్థితితో పాటు వచ్చే రీజన్ కోడ్ చూడండి. టైమవుట్ అంటే నెట్‌వర్క్ దారి గానీ, సర్వర్ భారం గానీ. రెస్పాన్స్ కోడ్ మిస్‌మ్యాచ్ అంటే దారి బాగుంది, జవాబు తేడా. రెండో రకంలో తరచూ దొరికే కారణం హోస్ట్ హెడర్ (ఏ సైట్ కోసమో రిక్వెస్ట్‌లో చెప్పే గుర్తు). ప్రోబ్ సర్వర్ ఐపీనే హోస్ట్‌గా పంపుతుంది. జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లో అనుమతించిన హోస్ట్‌ల జాబితాలో ఆ ఐపీ లేకపోతే 400 వస్తుంది. హెల్త్ పాత్‌ను ఆ తనిఖీకి ముందే జవాబిచ్చే మిడిల్‌వేర్‌లో పెట్టడమే శుభ్రమైన మార్గం. జాబితాలో అన్నిటినీ రానిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి సరిపుచ్చకండి.

ఒకే పాత్‌ను, కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌కూ ఏఎల్‌బీకీ కలిపి వాడేవారికి ఒక హెచ్చరిక. కుబర్నెటిస్ ప్రోబ్ 200 నుంచి 399 వరకు ఏ కోడ్‌నైనా విజయంగానే తీసుకుంటుంది, ఏఎల్‌బీ డిఫాల్ట్‌గా 200నే ఒప్పుకుంటుంది. పాడ్ (కుబర్నెటిస్ నడిపే యూనిట్) రెడీ, టార్గెట్ అన్‌హెల్దీ అనే విచిత్రం ఇక్కడి నుంచే వస్తుంది.

హెల్త్ పాత్ ఏం చెప్పాలి, దాన్ని విని ఏం చేయాలి

హెల్త్ పాత్‌కు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: తర్వాతి రిక్వెస్ట్‌ను ఈ సర్వర్ తీసుకోగలదా? డేటాబేస్ బాగుందా, కేష్ బాగుందా, పేమెంట్ గేట్‌వే పలుకుతోందా అన్నవి వేరే ప్రశ్నలు. వాటిని హెల్త్ పాత్‌లో కలిపితే డేటాబేస్ ఒక్క నిమిషం తడబడినా సర్వర్లన్నీ ఒకేసారి చేతులెత్తేస్తాయి. ఆ తర్వాత కథ ఒక్కో చోట ఒక్కో రకం. ఏఎల్‌బీలో టార్గెట్లన్నీ చెడితే అది తలుపులు మూయదు, అన్నిటికీ ట్రాఫిక్ పంపుతుంది. ఎన్వాయ్ ప్రాక్సీలో ఆరోగ్యంగా ఉన్నవి 50 శాతానికి తగ్గితే అది కూడా చెక్‌లను పక్కనపెట్టి అందరికీ పంచుతుంది. కుబర్నెటిస్ సర్వీస్‌లో రెడీనెస్ (ట్రాఫిక్‌కు సిద్ధమన్న గుర్తు) పాడ్‌లన్నిటికీ పోతే ఎండ్‌పాయింట్ల (ట్రాఫిక్ వెళ్లే చిరునామాల) జాబితా ఖాళీ అవుతుంది, కేష్ నుంచి ఇవ్వగలిగిన పేజీలు కూడా అందవు.

అసలు ప్రమాదం ఆటో స్కేలింగ్ గ్రూప్‌కు (సర్వర్ల సంఖ్యను తానే నిలబెట్టే ఏర్పాటుకు) లోడ్ బ్యాలన్సర్ హెల్త్ చెక్‌ను కట్టినప్పుడు. డేటాబేస్ తడబాటుకు అది సర్వర్లను చంపి కొత్తవి తెస్తుంది, కొత్తవీ అదే డేటాబేస్‌ను అడిగి అదే జవాబిస్తాయి. కరెంటు పోయినప్పుడు బల్బులు మార్చినట్టే. లైవ్‌నెస్ ప్రోబ్‌లో (విఫలమైతే కుబర్నెటిస్ రీస్టార్ట్ చేసే చెక్‌లో) డేటాబేస్ తనిఖీ పెట్టినా ఇదే: పాడ్‌లన్నీ రీస్టార్ట్ అవుతాయి, డేటాబేస్ తేరుకునే వేళకు వాటి కొత్త కనెక్షన్లన్నీ ఒక్కసారి దాని మీద పడతాయి.

అందుకే టెంప్లేట్‌లో రెండు పాత్‌లు పెట్టాం. రెడీనెస్ పాత్ ట్రాఫిక్‌కు మాత్రమే. సర్వర్ ఒక్కదానికే సంబంధించినవి అది చూస్తుంది: కనెక్షన్ పూల్ తెరుచుకుందా, డిస్క్‌లో రాయడానికి చోటుందా, స్టార్టప్ పూర్తయిందా. ఈ తనిఖీలు నేపథ్యంలో 10 సెకన్లకోసారి జరుగుతాయి, పాత్ చివరి ఫలితాన్ని చదివి చెబుతుందంతే. ఫలితం 30 సెకన్ల కంటే పాతదైతే 503 ఇవ్వాలి, లేకపోతే తనిఖీ థ్రెడ్ చచ్చిపోయినా పాత ‘బాగుంది’ అన్న జవాబే తిరుగుతుంటుంది. రెండోది లైవ్‌నెస్ పాత్. ప్రాసెస్ జవాబివ్వగలదా అన్నది తప్ప మరేమీ చూడదు. చంపే అధికారం దీనికే.

హెల్త్ పాత్‌ను విడి పోర్టులో, విడి థ్రెడ్‌లో నడపాలా అన్నదానిపై సభ్యుల్లో ఇంకా రెండు అభిప్రాయాలున్నాయి. విడిగా నడిపితే అసలు వర్కర్లన్నీ ఇరుక్కుపోయినా ప్రోబ్‌కు 200 వస్తూనే ఉంటుంది. కలిపి నడిపితే భారం పెరిగినప్పుడు ప్రోబే టైమవుటై, ఒక సర్వర్ బయటికి పోయి, మిగిలినవాటి మీద భారం పెరిగి, అవీ వరుసగా పోతాయి. కార్యవర్గం రెండో ముప్పును ఎంచుకుంది, దానికి కంచె వేయవచ్చు కాబట్టి. ఏఎల్‌బీలో ఆరోగ్యంగా ఉండాల్సిన టార్గెట్ల కనీస శాతాన్ని పెట్టుకునే వీలుంది. అంతకంటే తగ్గితే ట్రాఫిక్ అందరికీ వెళ్తుంది. ఎన్వాయ్ అవుట్‌లయర్ డిటెక్షన్‌లోనూ వరుసగా 5 ఎర్రర్లకు ఒక హోస్ట్‌ను 30 సెకన్లు తప్పించే డిఫాల్ట్‌తో పాటు, తప్పించే వాటా 10 శాతం దాటకుండా పరిమితి ఉంది. ప్రోబ్‌కు కనపడని చెడును ఇది అసలు ట్రాఫిక్‌లోనే పడుతుంది.

సర్వర్‌ను ఆపే క్రమం కూడా ఈ పనిలో భాగమే. కుబర్నెటిస్‌లో ఎండ్‌పాయింట్ తొలగింపు, సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సంకేతం) రెండూ సమాంతరంగా మొదలవుతాయి. సిగ్‌టర్మ్ రాగానే పోర్టు మూసేస్తే ఇంకా దారి మారని రిక్వెస్టులు తెగిపోతాయి. ప్రీస్టాప్‌లో (ఆ సంకేతానికి ముందు నడిచే దశలో) 10 సెకన్ల నిద్ర పెట్టండి. ఆ సమయం డిఫాల్ట్ 30 సెకన్ల గడువులోంచే తీసుకుంటారు గనుక, పొడవైన రిక్వెస్టులుంటే గడువు పెంచాలి.

అలారాలు

ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే. ఏఎల్‌బీ హెల్దీ హోస్ట్ కౌంట్ (ఆరోగ్యంగా ఉన్న సర్వర్ల సంఖ్య) మెట్రిక్ టార్గెట్లు నమోదై ఉన్నప్పుడే వస్తుంది. టార్గెట్లన్నీ పొరపాటున తొలగిపోతే సున్నా రాదు, అసలు డేటాయే రాదు. డేటా లేకపోతే గీత దాటినట్టు లెక్కించమని అలారంలో రాయకపోతే, సేవ మొత్తం ఆగిన రాత్రి అలారం మోగదు.

చెక్‌కు కనపడనివి

ఏఎల్‌బీ తన వెనకున్న సర్వర్ల టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లను సరిచూడదు. గడువు ముగిసిన సర్టిఫికెట్‌తోనూ చెక్ పాసవుతుంది. గడువు తేదీలకు విడి తనిఖీ జాబ్ రిపాజిటరీలో ఉంది, రోజూ ఒకసారి నడపండి.

ఖాతాలు, రాబోయే ఏడాది

జమాఖర్చుల పట్టికను సభ్యులకు విడిగా పంపాం. వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తోంది. ఒకటి, టెంప్లేట్‌లో లైవ్‌నెస్ ప్రోబ్ డిఫాల్ట్‌గా ఆపి ఉండాలి, కావలసినవారే తెరుచుకోవాలి. రెండు, స్టేజింగ్ విన్యాసాన్ని ప్రొడక్షన్‌లోనూ, జోన్‌కు ఒక్క సర్వర్‌కు మించకుండా, తక్కువ ట్రాఫిక్ వేళల్లో నడపాలి. రెండోదానికి వ్యతిరేకంగా ఓటు వేయదలచినవారు తమ వైపు కనీస హెల్దీ శాతం ఎంత పెట్టుకున్నారో కూడా రాసి పంపితే, సమావేశంలో చర్చ ఆ అంకెల మీదే సాగుతుంది.