ఈఆర్ఏ ఒక్కటే చూసి పిచర్ల పేర్లు సూచించకండి
ఫ్రెండ్స్, బేస్‌బాల్‌లో ఫ్రీ ఏజెంట్ స్టార్టర్ల (కాంట్రాక్ట్ ముగిసి ఏ టీమ్‌లోనైనా చేరగల, మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ల) గురించి పొద్దున్నుంచీ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే రన్స్, తక్కువైతే మంచిది) అంకెలే పెడుతున్నారు, కాస్త ఆగండి. బ్లేక్ స్నెల్ 2023లో 2.25 ఈఆర్ఏతో సై యంగ్ (ఉత్తమ పిచర్ అవార్డు) గెలిచాడు, కానీ ఆ ఏడాది మేజర్ లీగ్స్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 99 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా బేస్ ఇవ్వడం) ఇచ్చిందీ అతనే. టీమ్‌లు జంకాయో ఏమో, మార్చి దాకా కూర్చుని చివరికి జెయింట్స్‌తో రెండేళ్లకు 6.2 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు. ఇంకో పిచర్ జోర్డన్ మాంట్‌గోమరీ ఒప్పందం ఇంకా లేటు. రేంజర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచినవాడు, 2024లో డైమండ్‌బ్యాక్స్‌కి ఈఆర్ఏ 6.23! స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు జరిగే ప్రాక్టీస్) పోగొట్టుకోవడమే ఇద్దరినీ దెబ్బతీసిందని నా అనుమానం (అయినా స్నెల్ ఆ ఆగస్టులో నో-హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్, వేశాడు లెండి).

ముందు వాక్‌లు, స్ట్రైకౌట్‌లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), గత మూడేళ్ల ఇన్నింగ్స్ చూడండి, ఫాస్ట్‌బాల్ స్పీడ్ తగ్గుతోందేమో కూడా చూడండి. 33 దాటినవాడికి ఐదేళ్ల కాంట్రాక్ట్ అంటే మాత్రం నా ఓటు లేదు.