రంగు వేసిన రెండో రోజు

ఒరేయ్,

నిన్న ఫోనులో మాట్లాడినంతసేపూ నువ్వు తల గోక్కుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అడిగితే "బోరు నీళ్లు రా, అలవాటైపోయింది" అన్నావు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. పోయిన ఏడాది వరకూ నేనూ అచ్చం అదే మాట అనేవాణ్ణి.

నీళ్లని అనుమానించి మంచినీళ్ల క్యాన్లతో తలస్నానం చేశాను. కొబ్బరినూనె మానేశాను. షాంపూ వదిలి కుంకుడుకాయలకు మారాను. కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ మొదటికొచ్చేది. డాక్టరమ్మ "ఎప్పుడెక్కువవుతుంది?" అని అడిగితే "ఎప్పుడూ ఉంటుందండీ" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నాకు నిజంగా అలాగే గుర్తుంది. ఫొటోలు తీసి, రాసుకుని రమ్మన్నారు ఆవిడ.

ఉదయం తూర్పు కిటికీ పక్కన కుర్చీ వేసుకునేవాణ్ణి. ఆదివారం, బుధవారం, తలస్నానానికి ముందే మా ఆవిడ దువ్వెన కొసతో పాపిట తీసి, పక్కన కొలతకు రూపాయి బిళ్ల ఆనించి ఫొటో తీసేది. నడినెత్తి, నుదుటి అంచు, చెవుల వెనక, ముచ్చిలిగుంట. వెలుతురు మారితే ఎరుపు కూడా మారినట్టే కనిపిస్తుంది, అందుకే ఎప్పుడూ అదే కిటికీ. నూనె రాశాక తీస్తే పొలుసులు అణిగిపోయి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇక నోటుబుక్కులో రోజూ తేదీ, ఒక్కో చోటి దురదకు పదికి ఎన్ని మార్కులు, ఆ రోజు తలకు ఏమి తగిలింది, రాత్రి నిద్ర పట్టిందా లేదా. రెండు నిమిషాల పని.

మూడు నెలల పేజీలు ఒక్కసారే తిప్పి చూశాను. నడినెత్తిన ఎప్పుడూ మూడో నాలుగో. ముచ్చిలిగుంటలో మాత్రం సున్నా, ఒకటి, సున్నా, ఉన్నట్టుండి ఎనిమిది. ఆ నాటి ఫొటోలో చెవి వెనక చర్మం ఎర్రగా ఉబ్బి, రూపాయి బిళ్ల పక్కన సన్నగా నీరు కారుతోంది. ప్రతి ఎనిమిదికీ రెండు రోజుల ముందు నా చేతిరాతలోనే ఉంది: "రంగు వేశాను". మూడుసార్లూ అంతే.

తలరంగుల్లో పారాఫినిలీన్ డయమీన్ అని ఒకటుంటుంది రా. దాని అలర్జీ సాధారణంగా వెంటనే బయటపడదు, ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అప్పటికి రంగు సంగతే మరిచిపోయి, నీళ్లనో వంకాయ కూరనో తిడుతూ ఉంటాం. డాక్టరమ్మ నా వీపుకు ఒక్కో రసాయనం పెట్టిన చిన్న చిన్న పట్టీలు అంటించి, 48 గంటలకు తీసి చూసి, 96 గంటలకు మళ్లీ చూశారు. ఆ రసాయనం పెట్టినచోట మాత్రమే ఎర్రని పొక్కులు. నడినెత్తిది వేరే, అది మామూలు చుండ్రే. దానికి కీటోకొనజోల్ షాంపూ ఇచ్చి, నురుగు ఐదు నిమిషాలు తలమీద ఉంచమన్నారు.

నల్ల గోరింటాకు పొడి మంచిదేమో అనుకుంటావేమో. అసలైన గోరింటాకుతో నలుపు రాదు, ఎరుపే వస్తుంది. నల్లగా చేసే పొడుల్లో చాలావాటిలో ఉండేది ఈ రసాయనమే.

వచ్చే వారం పెళ్లికి రంగు వేయిస్తానన్నావు. వద్దు రా, డాక్టరుకు చూపించేదాకా ఆగు. నెరిసిన తలతోనే నా పక్కన కూర్చో. ఈ ఆదివారం తలస్నానానికి ముందు నీ చెవి వెనక ఒక ఫొటో తీయించి పంపు, రూపాయి బిళ్ల మరిచిపోకు.

నీ నేస్తం