పచ్చలైటు వెలిగినా కుదరని గాంధారం

విజయనగరం
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, నువ్వు అడిగింది ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు. అందుకే ఈ రోజు దాకా ఆగి తీరుబడిగా కూర్చున్నాను. పెడల్ స్టీల్ (కాళ్ల మీద బల్లలా నిలబెట్టి, పెడళ్లు తొక్కి తీగల శ్రుతి మార్చే గిటారు) కొన్నావని చదవగానే ఎంత సంతోషమేసిందో! మన వయొలిన్ క్లాసులో ఉన్న వాళ్లలో ఈ వాయిద్యం జోలికొచ్చింది మనిద్దరమే కదరా.

"శ్రుతి చూపే ట్యూనర్‌లో పది తీగలూ పచ్చలైటు చూపిస్తున్నాయి, అయినా కలిపి మీటితే గరగరమంటోంది, తీగలు మార్చాలా, తీగల మోత పట్టే పికప్ పోయిందా" అని అడిగావు. ఏదీ పోలేదు. తీగలు మార్చకు. రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇదే జరిగింది.

మా అక్కయ్య వాళ్లు అమెరికా నుంచి వచ్చేస్తూ తెచ్చిన వాయిద్యం ఇది. పెట్టె విప్పి, కాళ్లు బిగించి, ముందు గదిలో పెట్టుకున్న రోజే క్లిప్ ట్యూనర్ తగిలించి పది తీగలూ పచ్చలైటు వచ్చేదాకా తిప్పాను. నాలుగు రోజులు వాయించాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, అదేంటో తెలియట్లేదు. ఆ వారంలోనే మన మాస్టారు అయ్యకోనేరు గట్టు మీద నడక ముగించుకుని ఇటు వచ్చారు. మంచినీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, "ఏదీ, మీటు" అన్నారు. పెడల్ నొక్కకుండా 'ఈ' (E) కార్డ్, అంటే ఆ స్వరం ఆధారంగా కలిసి మోగే తీగలు, మీటాను. ఆయన కళ్లు మూసుకునే, "గాంధారం ఎక్కువైందిరా, దించు" అన్నారు. నేను ట్యూనర్ చూపించాను. ఆయన వాదించలేదు. "తంబురా ఉందా?" అన్నారు.

లోపల్నుంచి తెచ్చి మూడు శ్రుతికి, అంటే ఆ 'ఈ' స్వరానికే, సరిచేశాను. ఆయన మంద్రషడ్జం (కింది స) తీగ ఒక్కటే మెల్లగా మీటుతూ, "విను" అన్నారు. నీకు గుర్తుందా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరిన మన విజయనగరం సంగీత కాలేజీలో, మొదటి సంవత్సరం మనం నేల మీద కూర్చుని తంబురా తప్ప మరేదీ వినకుండా గడిపిన పొద్దులు? అదే నాదం. కాసేపటికి ఆ షడ్జం లోపల్నుంచి, ఎవరూ మీటని అంతరగాంధారం (రెండు గాంధారాల్లో పైది) సన్నగా పైకి వచ్చింది. స్వయంభూ గాంధారం. అది చెవిలో ఉండగానే నా ఆరో తీగ మీటారు. రెండూ పక్కపక్కనే రాపాడినట్టు వినిపించాయి. గుండె జారిపోయిందిరా నాకు. నాలుగు రోజులు దీన్నెలా భరించానా అనిపించింది.

లెక్క చెప్తాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. ట్యూనర్ స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఒక్కో స్వరస్థానానికి 100 సెంట్లు. అంటే షడ్జం నుంచి అంతరగాంధారం దానికి 400. తంబురాలోంచి పుట్టే గాంధారం 5/4 నిష్పత్తి, దాదాపు 386. తేడా 14 సెంట్లు. ఒక్క తీగే మీటితే ఎవరికీ తెలియదు. రెండు తీగలు కలిసి మోగితే దాగదు. ఎనిమిదో తీగ 'ఈ', ఆరో తీగ జీ షార్ప్, అంటే షడ్జం, గాంధారం, కలిపి మీటు. 'ఈ' స్వరపు అయిదో అనుస్వరం (దాని లోపలే అయిదు రెట్ల వేగంతో మోగే స్వరం) 824 హెర్ట్జ్ దగ్గర, జీ షార్ప్ నాలుగో అనుస్వరం 830 దాటి ఉంటాయి. సెకనుకు ఆరున్నర సార్లు వావ్వావ్వావ్ అని ఊగుతుంది. నువ్వు గరగర అంటున్నది ఇదే. పంచమం దగ్గర తేడా రెండు సెంట్లే కాబట్టి అక్కడ నీకు ఇబ్బంది అనిపించలేదు. మన గిటారు వాళ్లు దీన్నసలు పట్టించుకోరు, వాళ్ల కార్డ్ టక్కున ఆగిపోతుంది. పెడల్ స్టీల్ నాదం ఎంతసేపు సాగుతుందో నీకిప్పుడు తెలుసు కదా, తప్పు కూడా అంతసేపూ సాగుతుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఫ్యాన్ ఆపు, గాలికి తీగలు చల్లబడి శ్రుతి కదులుతుంది. పావుగంట గదిలో ఊరికే ఉంచు. ట్యూనర్‌కి మైకు వాడొద్దు, మూడు లాంతర్ల దగ్గర ఆటోల హారన్లు కూడా నా ట్యూనర్‌కి స్వరాల్లాగే కనబడేవి. క్లిప్ బిరడాల దగ్గర తగిలించు, లేదా పికప్ వైరు నేరుగా దానికే ఇచ్చెయ్. మెల్లగా మీటు, గట్టిగా మీటితే తీగ ముందు పైకెళ్లి తర్వాత దిగుతుంది. నాలుగు, ఎనిమిది తీగలు మాత్రమే పచ్చలైటుకి పెట్టు. ఇక అక్కడితో తెర వైపు చూడకు. ఎనిమిదితో ఆరు కలిపి మీటుతూ ఆరో బిరడ దించు. ఊపు నెమ్మదిస్తుంది, వావ్... వావ్... వా... ఇంకా కొంచెం, ఇంకా కొంచెం. ఒక్కసారి ఊపు ఆగిపోయి రెండు తీగలూ ఒకే గొంతుతో నిలబడతాయి. అప్పుడు చూడు తెర. ముల్లు ఎడమవైపు మైనస్ 14 దగ్గర ఉంటుంది. దాన్ని పుస్తకంలో రాసుకో, రేపట్నుంచి ఆ అంకెకే నేరుగా తిప్పుకోవచ్చు. బీ తీగలు ప్లస్ 2. రెండో తీగ డీ షార్ప్ మైనస్ 12. (మూడో తీగ కూడా జీ షార్పే, దాన్ని జాగ్రత్తగా తిప్పు, అన్నిట్లోకి సన్నది, ముందు తెగేది అదే. రెండు మూడు అదనంగా తెప్పించి ఉంచుకో.)

పెడల్ నొక్కినప్పటి శ్రుతి బిరడాలతో ముట్టుకోకు. కుడి చివర ఆరు పలకల నైలాన్ నట్లు ఉంటాయి, చిన్న రెంచితో వాటిని తిప్పాలి. 'ఏ' (A) పెడల్ నొక్కితే బీ తీగ సీ షార్ప్ అవుతుంది, 'బీ' పెడల్ నొక్కితే జీ షార్ప్ 'ఏ' అవుతుంది. రెండూ కలిపి నొక్కితే వచ్చే 'ఏ' కార్డ్‌లో ఆ సీ షార్పే గాంధారం, దాన్నీ మైనస్ 16 దాకా దించాలి. రెండు పెడళ్లూ తొక్కితే పెట్టె చెక్క కాస్త వంగి మిగతా తీగలు కొన్ని సెంట్లు దిగుతాయి. అది వాయిద్యం తప్పు కాదు. నాదాంట్లో నాలుగు సెంట్లేమో దిగుతాయి, అందుకే 'ఈ' తీగని రెండు సెంట్లు ఎక్కువలో ఉంచుతాను.

ఇక ఎఫ్ షార్ప్. దీని గురించే నీకు ఇంత పొడుగు రాస్తున్నానేమో! ఒకటి, ఏడు తీగలవి. ఓపెన్‌గా బీ తీగకి పంచమంగా నిలబడాలంటే అది ప్లస్ 4 ఉండాలి. అదే 'ఏ' పెడల్ నొక్కి సీ షార్ప్ పక్కన పెడితే మైనస్ 18 కావాలంటుంది. తేడా 22 సెంట్లు, అంటే మన ప్రమాణ శ్రుతి, 81/80! 'ఈ' ని షడ్జం అనుకో, ఎఫ్ షార్ప్ రిషభం. ఒకటి 9/8 రిషభం, ఇంకోటి 10/9 రిషభం. థియరీ పేపర్లో బట్టీ పట్టి రాసేశాం, గుర్తుందా? అమెరికాలో కట్టిన పెట్టె ఆ రెండు రిషభాల్నీ వేలి కింద వేరువేరుగా చూపించిందిరా నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వయొలిన్ మీద వేలు తనే జరుగుతుంది, మనకు తెలియకుండానే. ఇక్కడ ఎంచుకోవాలి. నేను 'ఈ' తీగని ఎఫ్ షార్ప్ చేసే సీ పెడల్‌తో వచ్చే ఎఫ్ షార్ప్‌ని దించి పెట్టుకున్నాను, ఒకటో తీగని పైనే ఉంచాను, ఏడో తీగని మధ్యలో మైనస్ 6 దగ్గర ఆపాను. నువ్వు నీ పాటల్ని బట్టి చూసుకో.

కీబోర్డుతో కలిసి వాయించేటప్పుడు మాత్రం 'ఈ' ని పచ్చలైటు మీద కాక ప్లస్ 10 దగ్గర పెట్టు. అప్పుడు గాంధారం మైనస్ 4 దగ్గరికొస్తుంది, వాళ్లకి దూరంగా ఉన్నట్టు వినబడదు.

మొన్న బొబ్బిలి వెళ్లినప్పుడు, బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో ఆగాను. ఒకాయన వీణకి మైనం మీద మెట్లు నిలబెడుతూ మేళం కడుతున్నాడు. మెట్టుని గోటితో వెంట్రుకవాసి జరిపి, మీటి, మళ్లీ జరిపి, మీటి. గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ కదల్లేదు.

సిరిమాను పండగకి తప్పకుండా రా. మాస్టారు నిన్ను అడుగుతూనే ఉన్నారు. ఈలోగా ఆరో తీగ ఊపు ఆగాక తెర మీద ఎంత చూపించిందో, ఆ అంకె నాకు రాసి పంపు.

నీ,
విజయనగరం బావ