మాట వినబడితే లైను బాగున్నట్టేనా? (ఫోన్ డయల్ చేసి ఇంటర్నెట్‌కు కలిసే రోజులనాటి లేఖ)

సంపాదకులకు,

ఇంటి ఫోన్ లైను మీద ఇంటర్నెట్ వాడుకొనేవారి ఫిర్యాదులను టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరిశీలించే పద్ధతి మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతోందని చెబితే, డయల్ టోన్ వస్తోందా, మాట వినబడుతోందా అని అడిగి, రెంటికీ అవునంటే ఫిర్యాదు మూసేస్తున్నారు. లైనులో కాస్త గరగర ఉన్నా మన చెవి సర్దుకొంటుంది. కానీ మోడెము, అంటే కంప్యూటరును ఫోన్ లైనుకు కలిపే పరికరం, మాటల కోసం ఉంచిన 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ఇరుకు దారిలోనే సమాచారమంతా పంపాలి కనుక, చప్పుడు పెరిగేకొద్దీ వేగం తగ్గించుకొంటూ పోయి చివరకు లైను వదిలేస్తుంది.

మాది కోనసీమ. తొలకరికి ముందు సెకనుకు 44,000 బిట్ల దగ్గర కలిసిన మా 56కె (సెకనుకు 56,000 బిట్ల దాకా అందుకొనే) మోడెము, వానలు మొదలయ్యాక 21,600 దాటలేదు, పది నిమిషాలు నిలవలేదు. లోపం మా వైపే ఉందేమోనని అదే లైనుకు తగిలించిన రెండో ఫోన్ (పారలల్ ఫోన్) తీసేశాను, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగ మాని మోడెమును గోడమీది రోజెట్‌కే (ఫోన్ లైను వచ్చి చేరే చిన్న పెట్టెకే) కలిపాను, రెండో కాల్ బీప్‌కు తెగకుండా కాల్ వెయిటింగ్ తీయించాను, పక్కింటివారి మోడెము కూడా పెట్టి చూశాను. ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆపి వింటే, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు.

నాలుగో ఫిర్యాదుకు వచ్చిన లైన్‌మన్ గారు స్తంభం మీది డీపీ పెట్టె (కేబుల్ నుంచి ఇళ్లకు లైన్లు విడదీసే డిస్ట్రిబ్యూషన్ పాయింట్) తెరిచి చూపించారు. మూత సరిగా పడక నీరు దిగి, రాగి తీగల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటిని కత్తిరించి, గీకి, కొత్తగా బిగించిన పావుగంటకే మోడెము 42,000 దగ్గర కలిసింది. అంతటి పనిమంతుణ్ణి మొదటి ఫిర్యాదుకే పంపకపోవడమే నా బాధ.

ఎందుకంటే ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ దగ్గరున్న అవతలి మోడెము కాల్ ఎత్తగానే మీటరు తిరుగుతుంది. ఆ కీచుశబ్దాల తర్వాత రెండూ కలవక విడిపోయినా కాల్ లెక్కలో పడుతుంది. అమెరికాలో చదువుకొంటున్న మా అబ్బాయి ఈమెయిల్ చూడడానికి ఒక సాయంత్రం పదకొండుసార్లు డయల్ చేశాను, పదకొండు కాల్స్‌కూ డబ్బు కట్టాను.

దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఇన్నేళ్ల తర్వాతైనా ఫిర్యాదు పుస్తకంలో మోడెము ఇబ్బందిని విడిగా రాసుకొని, లైన్‌మన్ చేత డీపీ దగ్గరా ఇంటి దగ్గరా టెస్టు ఫోన్ తగిలించి వినిపించాలి. చప్పుడు ఇంటి దగ్గరే ఉంటే లోపం డ్రాప్ వైరులోనో (డీపీ నుంచి ఇంటికి వచ్చే తీగలోనో) ఇంటి వైరింగులోనో, రెండుచోట్లా ఉంటే డీపీలోనో దాని వెనుక కేబుల్‌లోనో అని అక్కడికక్కడే చాలావరకు తేలిపోతుంది. డీపీ పెట్టెల మూతలు మాత్రం ఏటా మే నెలలోనే, వానలకు ముందే బిగించాలి.

ఇట్లు,
ఒక టెలిఫోన్ చందాదారు, కోనసీమ