ఆఫ్రికా వైద్య శిబిరాలకు పోయేవాళ్లు రెండు నెలల ముందే కదలాలి

సంపాదకులకు నమస్కారం.

పది, పదిహేను రోజుల సేవ కోసం కెన్యా, ఉగాండా, ఇథియోపియా వైపు పోవాలనుకునే మన నల్లగొండ, పాలమూరు డాక్టర్లు, స్టాఫ్ నర్సులు టికెట్ చేతికొచ్చాక మిగతా పనులు షురూ చేస్తే ఆలస్యమైపోతుంది. కనీసం ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాలి.

ముందు కాగితాలు. టూరిస్టు వీసా మీద పోయి వైద్యం చేయడం కుదరదు. అక్కడి మెడికల్ లేదా నర్సింగ్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి ఇవ్వాలి. దానికి మన రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మన కౌన్సిల్ నుంచి కావాలి. ఉత్తరప్రత్యుత్తరాలకే వారాలు పడుతుంది. ఉచితంగా చేస్తున్నాం గదా అంటే చెల్లదు.

తర్వాత టీకాలు. ఎల్లో ఫీవర్ టీకా మన జిల్లా దవాఖానల్లో వేయరు, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పోవాలి. టీకా సీసా (వయల్) తెరిచాక ఆరు గంటల్లో వాడేయాలి. అందుకని పలువురిని ఒకేరోజు పిలిచి వేస్తారు. తేదీ ముందే కనుక్కుని, పాస్‌పోర్టుతో పోవాలి. సర్టిఫికెట్ చెల్లుబాటయ్యేది టీకా వేసిన పదో రోజు నుంచి. 2016 జూలై నుంచి అది జీవితాంతం పనికొస్తోంది. ఈ కార్డు లేకుండా పైన చెప్పిన దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, గుడ్డు అలర్జీ ఉన్నవారు, అరవై దాటినవారు ముందే చెప్పాలి.

హెపటైటిస్-బి కోర్సు 0, 1, 6 నెలలకు ఉంటుంది కాబట్టి మొదలే పెట్టనివారికి ఎనిమిది వారాలు కూడా చాలవు. చదువుకునేటప్పుడు వేయించుకున్నవారు ఆ టీకా రక్షణ ఎంతుందో చూపే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించుకోవాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటేనే రక్షణ ఉన్నట్టు.

మలేరియా మాత్రల దగ్గర జరిగే తప్పు ఇంటికొచ్చాక జరుగుతుంది. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకొకటి, బయలుదేరే ముందురోజు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. అది కాలేయంలో దాగిన పరాన్నజీవిని చంపలేదు. రక్తంలోకి దిగాకే పట్టుకుంటుంది. అందుకే వచ్చేశాం గదా అని ఆపితే జ్వరం ఇక్కడ మొదలవుతుంది. తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. వేసుకోగానే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. తిరిగొచ్చాక జ్వరమొస్తే దవాఖానలో మొదట చెప్పాల్సిన మాట 'ఆఫ్రికా పోయొచ్చాను' అని. చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ అనుకుంటూ రెండు రోజులు పోతాయి. ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం మలేరియా ముదరడానికి ఆ రెండు రోజులే చాలు.

సూది గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బుతో, పారే నీటితో కడగాలి. హెచ్‌ఐవీ సోకకుండా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి 28 రోజులు వేసుకోవాలి. మొదటిది రెండు గంటల్లో పడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఆ మాత్రలు ఇక్కడి నుంచే వెంట ఉండాలి.

ఇక పెట్టె నింపడం. శాంపిల్ మందులు, గడువు దగ్గరపడ్డ మందులు దానం కింద తీసుకెళ్లొద్దు. అక్కడికి చేరాక ఇంకో ఏడాదైనా గడువుండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. దుబాయ్ మీదుగా పోయేవారు ట్రమడాల్, కోడీన్ ఉన్న సిరప్ ముందస్తు అనుమతి లేకుండా పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు. బీపీ, షుగర్‌కు ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరికే మందే రాయాలి. మనం పంచిన కొత్తరకం మాత్ర పదిహేనో రోజు అయిపోతే ఆ రోగికి మళ్లీ దొరకదు. మన గ్లూకోమీటర్ మి.గ్రా.లలో చూపిస్తుంది, కెన్యాలో మిల్లీమోల్స్‌లో రాస్తారు. 18తో భాగించాలి. మన 126 అక్కడ 7. లెక్క తప్పితే ఇన్సులిన్ తప్పుతుంది. స్వాహిలీ భయపెట్టేదేం కాదు. మన దవాఖాన అనే మాటలోని 'దవా'నే అక్కడా మందు, షుగర్ 'సుకారి', జ్వరం 'హోమా'.

మన జిల్లావాళ్లు మాత్రమే బాగా చేయగల పని ఒకటుంది. కెన్యా, ఇథియోపియా, టాంజానియాల్లోని రిఫ్ట్ వ్యాలీ నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే నీరీ (నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరుతోనే అక్కడిదాకా పోయింది. నడుము పట్టేసిందని, కీళ్లు నొస్తున్నాయని వచ్చినవారి పళ్ల మీది గార చూడాలి, ఏ బోరు నీళ్లు తాగుతున్నారో అడగాలి. ఆ రెండూ చూడకుండా నొప్పి మాత్రలు పంచితే కడుపులో పుండ్లు పడతాయే తప్ప రోగం మారదు.

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు నెలకొక రోజు ప్రయాణ సలహా ఓపీ పెట్టాలని మా విన్నపం. ఎల్లో ఫీవర్ టీకాకు హైదరాబాద్ పోక తప్పదు. కానీ హెపటైటిస్ పరీక్ష, మలేరియా మాత్రల ఎంపిక, సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్న శిక్షణ ఇక్కడే ఇవ్వొచ్చు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక గది, ఒక డాక్టరు, ఒక నర్సు చాలు.

– కొందరు వైద్యులు, స్టాఫ్ నర్సులు, నల్లగొండ